బందరు కోట ఎవరిది?

మోపిదేవి నుండి చల్లపల్లి మీదుగా బందరు వెళ్లే మనలో ఎంతమంది అక్కడి కోటను చూశాం? చూసినవారు కూడా 'దొరల కోట, మనకేం సంబంధం?' అనుకుంటున్నారు. ఈ ఆలోచన మారాలి.

1759 ఏప్రిల్ 7 రాత్రి కల్నల్ ఫోర్డ్ ఈ కోటను ఫ్రెంచివారి నుండి పట్టుకున్నాడని చరిత్రలో చదువుతాం. ఓడిన కాన్‌ఫ్లాన్స్ పేరూ ఉంటుంది. ఆ రాత్రి నైరుతి వైపు బురదలో దిగి నడిచిన సిపాయిల పేర్లు మాత్రం కనబడవు. ఇటుకలు కాల్చినవారు, సున్నం మోసినవారు ఎవరు? 1864 నవంబరు 1 ఉప్పెనలో ఈ ప్రాంతంలో దాదాపు 30,000 మంది చనిపోయారు. వారిలో ఎందరి పేర్లు మిగిలాయి? ఆ తర్వాత సైన్యమూ కోటను విడిచిపోయింది.

మన ఇళ్లలో చాలామందికి ముత్తాత పేరు రాసిన కాగితం ముక్క కూడా లేదు. రాతల్లో చోటు దొరకనివారికి కట్టడాలే సాక్ష్యం. ఇటుక కొలత, సున్నపు పూత, పునాది లోతు, మట్టిలోని కుండపెంకు చూసి ఏ గోడ ముందుదో, ఏది తరువాతదో, అక్కడివారు ఎలా బతికారో పురావస్తు శాస్త్రం చెప్పగలదు. ఒక్క ఇటుక తీసుకుపోయినా ఆ చరిత్రలో ఒక పేజీ చించినట్టే. కొలతలు తీయకుండా సిమెంటు పూసినా అంతే నష్టం.

మంగినపూడి విహారయాత్రకు వెళ్లే హాస్టళ్లు ఒక పూట కోటకు కేటాయించాలి. గోడలపై పేర్లు చెక్కడానికి కాదు. టేపుతో కొలిచి, నోటుబుక్కులో రాసుకోవడానికి. మనవాళ్ల చరిత్ర మనం రాయకపోతే ఎవరు రాస్తారు?