మాయన్లు ఎక్కడికీ పోలేదు, మీరే సరిగ్గా చూడలేదు

మనవాళ్ళు గ్వాటెమాలా వెళ్ళొచ్చి రాసేవి ఈమధ్య వరసగా చదివాను. ఏ ఒక్కటి చదివినా మిగతావన్నీ చదివినట్టే. మొదటి రోజు ఆంటిగ్వాలో రంగురంగుల గోడలు, రాళ్ళు పరిచిన వీధులు, వెనకాల అగ్నిపర్వతం. రెండో రోజు చిచికాస్తెనాంగో సంతలో బేరం. మూడో రోజు తికాల్ గుడి మీద సూర్యోదయం. చివర్లో తప్పనిసరిగా ఒక వాక్యం: "ఇంత గొప్ప నాగరికత ఎలా అంతరించిపోయిందో ఎవరికీ అంతుపట్టని రహస్యం!"

అయ్యా, అంతకుముందు రోజు మీరు సంతలో ఎవరితో బేరమాడారు? ఆ బల్లగుడ్డ మీకు అమ్మిన ఆవిడ మాయన్. ఆవిడ పక్కావిడతో మాట్లాడింది కిచే అనే మాయా భాష. స్పానిష్ అనుకున్నారేమో, కాదు. 2018 జనాభా లెక్కల్లో గ్వాటెమాలాలో 41.7 శాతం మంది, అంటే 60 లక్షల పైచిలుకు, మేం మాయన్లమని రాయించుకున్నారు. ఆ ఒక్క దేశంలోనే ఇరవై పైగా మాయా భాషలున్నాయి. మెక్సికో, బెలీజ్ వాళ్ళు వీళ్ళకి అదనం. "అంతరించిపోయిన" వాళ్ళ దగ్గర చిల్లర లెక్కపెట్టి మరీ తీసుకుని, హోటల్ రూముకొచ్చి వాళ్ళకి శ్రద్ధాంజలి రాయటం మనవాళ్ళకే చెల్లింది.

ఇది మాటల దగ్గర పేచీ అనుకోకండి. ఒక జాతి చచ్చిపోయిందని తేల్చేస్తే ఇక ఆస్తికి వారసులుండరు. కట్టినవాళ్ళు వేరు, ఇప్పుడు పక్కన నిలబడి బుట్టలమ్ముకుంటున్నవాళ్ళు వేరు అయిపోతారు. ఆ ఖాళీలోకి ఎవడు పడితే వాడు దూరొచ్చు.

దూరినవాళ్ళ లిస్టు పెద్దదే. కింగ్స్‌బరో అని ఒక ఐరిష్ ప్రభువు, అమెరికా మూలవాసులు ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన తెగలని నిరూపించటానికి 1831 నుంచి భారీ సంపుటాలు అచ్చేయించి, ఆ అప్పులు తీర్చలేక 1837లో డబ్లిన్ జైల్లో పోయాడు. 1968లో ఫాన్ డానికెన్ వచ్చి, పలెంకేలో పకాల్ రాజు సమాధి మీది బొమ్మ రాకెట్లో కూర్చున్న వ్యోమగామిదన్నాడు. ఇక మన వంతు. మయుడు! మయసభ కట్టిన మయుడే అమెరికా వెళ్ళి మాయా నాగరికత స్థాపించాడట. ఇది నాకు ఆఫీసు గ్రూపుల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. పంపేవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు, ఇంజనీరింగు చదివినవాళ్ళు, రోజూ పక్కవాడి కోడ్‌లో తప్పులు పట్టేవాళ్ళు. ఇదేమీ ఇంటర్నెట్ పుట్టించిన వింత కూడా కాదు, చమన్‌లాల్ 'హిందూ అమెరికా' అనే పుస్తకం 1940లోనే వేశాడు.

వీళ్ళ దగ్గరున్న ఆధారం ఏంటంటే, పేరు కలిసింది. అంతే. తికాల్, పలెంకే, కొపాన్ రాళ్ళ మీద ఆ రాజులు వాళ్ళ చరిత్ర వాళ్ళే రాసుకున్నారు. ఆ లిపిని చదవటానికి దారి చూపింది క్నొరొజొవ్ అనే సోవియట్ పండితుడు, 1952లో. కొన్ని గుర్తులు మాటల్ని సూచిస్తాయి, కొన్ని మన గుణింతంలా ఒక్కో అక్షరాన్ని సూచిస్తాయి అని ఆయన చూపించాడు. జాగ్వార్‌కి వాళ్ళ మాట బలామ్. దాన్ని బొమ్మతోనైనా రాస్తారు, బ-ల-మ అని అక్షరాలుగానైనా రాస్తారు. (మన బలరాముడి బల వినపడిందని మళ్ళీ ఎవరూ మొదలెట్టకండి :)) ఇక్కడ అసలు విషయం వేరే ఉంది. ఆ శాసనాల్లోని భాష సంస్కృతం కాదు, తమిళం కాదు, హీబ్రూ కాదు. అది చోల్ శాఖకి చెందిన మాయా భాష. దానికి దగ్గరి చుట్టం చోర్తి, తూర్పు గ్వాటెమాలా పల్లెల్లో ఇవాళ్టికీ మాట్లాడుతున్నారు. బతికున్న భాషలు ఉండబట్టే ఆ రాళ్ళని చదవగలిగారు. చదవటానికి మిగిలిన పుస్తకాలు ఎన్నో తెలుసా? నాలుగు. 1562లో దియెగో దె లాండా అనే ఫాదిరీ యుకాతాన్‌లోని మని ఊళ్ళో మాయా పుస్తకాల్ని సైతాను రాతలని తగలబెట్టించాడు. మిగిలిన నాలుగింటిలో మూడు ఐరోపాలో తేలాయి, వాటికి డ్రెస్డెన్, మాడ్రిడ్, పారిస్ అని ఆ ఊళ్ళ పేర్లే పెట్టారు. ఇంత నాశనం తట్టుకుని నిలబడ్డ కాస్త రాతని తీసుకెళ్ళి మయుడి ఖాతాలో జమ చేస్తామంటే ఒళ్ళు మండదా?

మన తాజ్‌మహల్‌ని ఎవరో యూరప్ వాడే డిజైన్ చేసుంటాడని తెల్లవాళ్ళు అన్నప్పుడు మనకి మంటెత్తింది కదా. ఇదీ అదే జబ్బు. నల్లవాడికో ఎర్రవాడికో అంత తెలివి ఉండదు, ఎవరో బయటనుంచి వచ్చి నేర్పుంటారు అనేది. కాకపోతే ఈసారి నేర్పినవాళ్ళం మనం కాబట్టి మనకి తియ్యగా ఉంది.

సున్నా సంగతీ అంతే. మాయన్లు మనతో ఏ సంబంధం లేకుండానే సున్నాకి గుర్తు పెట్టుకున్నారు, గవ్వలాంటి బొమ్మ. ఇరవై ఆధారంగా స్థానాల లెక్క నడిపారు. 2012లో యుగాంతం అని టీవీల్లో రచ్చ చేసినప్పుడు మనవాళ్ళెంతమంది ఆ కాలెండర్ ఎలా పనిచేస్తుందో చూశారు? Y2K పుణ్యమా అని ఒక తరం తెలుగువాళ్ళు అమెరికా విమానం ఎక్కారు, కనీసం మనకి అర్థం కావాలి. రోజుని కిన్ అంటారు. 20 కిన్‌లు ఒక వినాల్, 18 వినాళ్ళు ఒక తున్ (360 రోజులు), 20 తున్‌లు కాతున్, 20 కాతున్‌లు బాక్‌తున్. తారీఖు రాస్తే ఐపీ అడ్రస్‌లా ఉంటుంది. 2012 డిసెంబరు 20న 12.19.19.17.19, మర్నాడు 13.0.0.0.0, ఆ మర్నాడు 13.0.0.0.1. స్కూటర్ మీటరు తిరిగినట్టు తిరిగింది, ఓవర్‌ఫ్లో కూడా కాలేదు. పలెంకే శాసనంలో అయితే పకాల్ పట్టాభిషేకానికి సంబంధించిన ఒక రోజుని ముందుకి లెక్కగట్టి క్రీ.శ. 4772 దాకా వెళ్ళారు. ప్రపంచం 2012లో పోతుందనుకున్నవాడు 4772కి లెక్కెందుకు వేస్తాడు?

ఇంకో సంగతి. అదే 2012లో, అక్టోబరు 4న, తొతొనికపాన్ దగ్గర హైవే మీద కరెంటు ఛార్జీల మీదా, రాజ్యాంగ సవరణల మీదా నిరసన చేస్తున్న కిచే జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. కనీసం ఆరుగురు పోయారు. ప్రపంచమంతా మాయా కాలెండర్‌లో రోజులు లెక్కపెడుతున్న ఏడాది అది. కాల్పుల సంగతి మన టీవీల్లో ఎక్కడా చూసిన గుర్తు లేదు.

సరే, తికాల్. అక్కడ నాలుగో నంబరు గుడి దాదాపు 65 మీటర్లు, అడవి మీంచి తల బయటపెట్టి చూస్తుంటుంది. 1977లో స్టార్ వార్స్‌లో చూపించింది ఆ పైనుంచి కనపడే దృశ్యమే. (మనకి అదే ఏడాది దానవీరశూరకర్ణ వచ్చింది, మయసభ సీనుతో సహా. మయుడు గ్వాటెమాలాకి అంతకంటే దగ్గరగా ఎప్పుడూ రాలేదు.) తికాల్‌లో తారీఖు వేసిన చివరి శిలాఫలకం క్రీ.శ. 869 నాటిది. ఆ శతాబ్దంలో కరువులు, రాజుల మధ్య యుద్ధాలు, పెరిగిన జనాభా, పాడైన నేల.. అన్నీ కలిసి దక్షిణాది నగరాలు ఖాళీ అయ్యాయి. నగరాలు ఖాళీ అయ్యాయి, జనం మాయం కాలేదు. హంపీ పాడుబడితే కన్నడిగులూ తెలుగువాళ్ళూ అంతరించారని ఎవరైనా అంటారా?

తికాల్ చూడటానికి వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది రాత్రి ఫ్లోరెస్ అనే ద్వీపంలో దిగుతారు. సరస్సు మధ్యలో చిన్న ఊరు, ఫోటోలకి బావుంటుంది. ఆ ద్వీపమే నోహ్‌పెతెన్, ఇత్సా మాయన్ల రాజధాని. స్పెయిన్ దాన్ని పట్టుకున్నది 1697లో. మళ్ళీ చదవండి, 1697. గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడి పదేళ్ళయింది అప్పటికి. అంటే మీరు చివరి మాయా రాజ్యపు రాజధానిలో బస చేసి, పొద్దున్నే లేచి, వెయ్యేళ్ళ క్రితమే మాయన్లు పోయారని చెప్పే బస్సెక్కారు.

ఆంటిగ్వా గురించి ఎక్కువ చెప్పను, అందమైన ఊరు, కాదనను. 1541లో బురద ప్రవాహం వచ్చి పాత రాజధానిని ముంచేస్తే 1543లో ఇక్కడికి మారారు. 1773 భూకంపానికి ఇదీ కూలింది, 1776లో రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి తరలించారు. మారినన్ని సార్లూ రాళ్ళు మోసినవాళ్ళు చుట్టుపక్కల మాయా ఊళ్ళ జనం, వెట్టి కింద. తరవాత 1870లలో కాఫీ తోటలు జోరందుకున్నాయి. ఉమ్మడి భూములు పోయాయి, 1877లో కూలీల చట్టం పెట్టి కొండల మీది జనాన్ని తోటల పనికి తోలారు. ఆంటిగ్వా కెఫేలో ఆ కప్పు పట్టుకుని ఫోటో దిగుతాం.

ఇక సంత. గురువారం, ఆదివారం జరుగుతుంది. నన్ను బాగా చిరాకు పెట్టేది ఇదే, ఎందుకంటే మనకి ఈ సంత అర్థం కాకపోవటానికి సాకు లేదు. అక్కడ ఆడవాళ్ళు కట్టుకునే పావడా గుడ్డలో అంచులు చెదిరినట్టుండే తెల్ల గీతలు, చుక్కలు చూశారా? దాన్ని వాళ్ళు హస్పే అంటారు. నూలుకి ముందే ముడులేసి, రంగులో ముంచి, ముడులిప్పి, లెక్క తప్పకుండా మగ్గం మీదికి ఎక్కించటం. అవును, మన పోచంపల్లి ఇక్కత్ పద్ధతే. (పద్ధతి ఒకటే, మయుడు మోసుకెళ్ళలేదు. ఇండోనేషియాలోనూ ఉంది.) పై బట్ట వీపిల్. నడుముకి కట్టుకునే మగ్గం మీద చేత్తో నేస్తే వారాలు పడుతుంది, పనితనాన్ని బట్టి నెలలు. పోచంపల్లి డిజైన్ పవర్‌లూమ్ మీద కొట్టేసి ప్రింటు చీరలు అమ్మితే మన చేనేతవాళ్ళకి ఎంత నష్టమో మనకి తెలుసు. మాయా నేతగత్తెలదీ అదే గోడు. మా ఊళ్ళ డిజైన్లు కంపెనీలు అచ్చేసుకుంటున్నాయి, వాటి మీద మా ఊళ్ళకి ఉమ్మడి హక్కు కావాలని 2016లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళారు. లైసెన్స్ చూడకుండా ఎవడో మన కోడ్ ఎత్తేస్తే మనం ఊరుకుంటామా? మరి అదే మనం అక్కడ "నాలుగొందల కెత్సాల్‌లు చెప్పింది, నూట యాభైకి దించా" అని గొప్పలు రాస్తాం. దించింది ధరని కాదు, ఆవిడ నెల కూలీని.

సంత పక్కనే సాంతో తొమాస్ చర్చి. మెట్ల మీద కోపాల్ ధూపం వేస్తుంటారు. లోపల ఫోటోలు వద్దంటారు, అయినా దొంగతనంగా తీసినవి నేను మనవాళ్ళ ఆల్బముల్లోనే చూశాను. తిరుమల గర్భగుడిలో ఎవడైనా ఫోన్ బయటకి తీస్తే ఊరుకునే జనమేనా వీళ్ళు? ఆ కొండల్లో 260 రోజుల పాత కాలెండర్ లెక్క ఇప్పటికీ తప్పకుండా నడిపే అహ్‌కీఖ్‌లు ఉన్నారు. మన ఊళ్ళో పంచాంగం చూసి ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారి లాంటివాళ్ళు. "అంతుపట్టని రహస్యం" ఏమైనా ఉంటే వాళ్ళనే అడగొచ్చు.

ఆ సంత ఉన్న కిచే జిల్లాయే యుద్ధంలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది. 1954లో సీఐఏ అండతో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోశారు, 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం. 1999లో ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన నిజనిర్ధారణ కమిషన్ తేల్చిన లెక్క: చనిపోయినవాళ్ళు, మాయమైనవాళ్ళు రెండు లక్షల పైనే. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయన్లు. హింసలో 93 శాతానికి బాధ్యత సైన్యం, దాని అనుబంధ దళాలది. తికాల్ ఉన్న పెతెన్‌లోనే దోస్ ఎర్రెస్ అనే ఊళ్ళో 1982 డిసెంబరులో సైన్యం ఊరు ఊరంతా చంపేసింది. ఇషిల్ మాయన్ల మీద నరమేధానికి 2013 మే 10న మాజీ నియంత రియోస్ మొంత్‌కి 80 ఏళ్ళ శిక్ష పడింది. ఆ కోర్టులో సాక్ష్యం చెప్పటానికి ఇషిల్ ఆడవాళ్ళు వాళ్ళ నేత బట్టలు కట్టుకునే వచ్చారు. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పు కొట్టేసింది. 2018లో ఆయన శిక్ష అనుభవించకుండానే పోయాడు. మాయన్లు అంతరించారనటం ఎవరికి సౌకర్యమో ఇప్పుడు చెప్పండి.

"వారం సెలవు దొరికితే సరదాగా వెళ్తాం, ఈ గోలంతా మాకెందుకు" అని నా టీమ్‌మేటే అన్నాడు. వెళ్ళొద్దని ఎవరన్నారు? వెళ్ళండి. చెప్పిన ధరకి కొనండి, మీ డెలివరీ మేనేజర్ బిల్లింగ్ రేటు కంటే అది న్యాయమైనదే. గైడుగా ఆ ఊరివాళ్ళనే పెట్టుకోండి. తిరిగొచ్చాక రాసేటప్పుడు "అంతరించిన" అనే మాట ఒక్కటి తీసేసి చూడండి, మిగతా వాక్యాలన్నీ మళ్ళీ రాసుకోవాల్సి వస్తుంది.

అసలు అంత దూరం వెళ్ళే సెలవు లేకపోతే షికాగో చాలు. కిచేల పురాణం పొపోల్ వూహ్‌ని 1700ల మొదట్లో హిమేనెస్ అనే ఫాదిరీ ఇదే చిచికాస్తెనాంగోలో కిచే మూలం పక్కనే స్పానిష్ పెట్టి నకలు రాసుకున్నాడు. ఆ మూలం పోయింది, మనకి మిగిలిన పాత ప్రతి ఆయన రాసుకున్నదే. అది ఇప్పుడు షికాగోలో న్యూబెరీ లైబ్రరీలో ఉంది. డెవాన్ అవెన్యూలో దోశ తినటానికి నేపర్‌విల్ నుంచి గంట డ్రైవ్ చేసేవాళ్ళకి అదేం దూరం కాదు.