కలక నీళ్ళలో చేపకి రంగులెందుకు?

మా గరాజ్‌లో ఒక గోడ నిండా చేపలు వేలాడుతుంటాయి. నిజం చేపలు కావులెండి, మావారు కొన్న ఉత్తుత్తి ఎరలు. లూర్లు అంటారు. పొలుసులు, మొప్పలు, కళ్ళు అన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఒక్కోటీ ఇరవై అయిదు నుంచి నలభై డాలర్లు. మొన్న దుమ్ము దులుపుతూ లెక్కపెడితే అరవై రెండు తేలాయి. ఆ అరవై రెండింటికీ కలిపి రెండు వేసవుల్లో పడిన చేపలు సున్నా.

పట్టాలనుకున్నది మస్కీని. మొసలి మూతి, ఒళ్ళంతా కండ ఉన్న పొడవాటి చేప. 1955 నుంచి మా విస్కాన్సిన్ రాష్ట్రపు చేప ఇదే. పదివేల సార్లు విసిరితే ఒకటి పడుతుందని ఇక్కడివాళ్ళ సామెత. పడకపోతే పోయింది, నాకు చేప బాధ లేదు. నా బాధ వేరు. ఆగస్టులో మా అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోతున్నాడు. తండ్రీ కొడుకులు నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు ఆ పడవ ఒక్కటే. అలాంటిది మే నెలలో వాడు, "నేను రానమ్మా. నాన్న అస్తమానూ లూర్లు మారుస్తూనే ఉంటారు. పట్టేదీ లేదు, మాట్లాడేదీ లేదు" అన్నాడు. నాకు గుండెలో కలుక్కుమంది.

"ఈ ఒక్కసారికి నేనూ వస్తాను, పద" అని ఇద్దరినీ బయలుదేరదీశాను.

మా ఊరి పక్కన పారేది విస్కాన్సిన్ నది. పైనున్న అడవుల్లో ఆకులూ బురద నేలలూ నానిన నీళ్ళు కాబట్టి చిక్కటి డికాక్షన్ రంగులో ఉంటుంది. వాన పడితే వాగుల మట్టి కూడా వచ్చి కలుస్తుంది. మేం వెళ్ళిన చోట నడుంలోతు కూడా లేదు. అడుగున రాళ్ళు, పడిపోయిన చెట్ల దుంగలు. పడవలోంచి వంగి మోచేతి దాకా చెయ్యి ముంచాను. నా వేళ్ళు నాకే కనపడలేదు. ఆ నీళ్ళలోకి మావారు రంగు రంగుల పొలుసులున్న ఎరని విసురుతున్నారు!

నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. కోనసీమలో మా ఇంటి వెనక బోదెలో వానాకాలం నీళ్ళు అచ్చం ఇలాగే ఉండేవి. కొర్రమట్ట కోసం ఆయన గాలానికి చిన్న కప్పని గుచ్చి, నీటి మీద టప్ టప్‌మని ఆడించేవారు. "దానికి చూపు ఆనదే, చప్పుడు వినిపించాలి" అనేవారు. ఆయనకున్నది ఒక్క గాలం. ఇంటికి వట్టి చేతులతో వచ్చిన రోజులు తక్కువ.

ఇంటికొచ్చి చదివితే ఆయన మాట నిజమే. చేప ఒంటికి రెండు పక్కలా సన్నటి గీత ఉంటుంది. దాంతో నీటి కదలికని పసిగడుతుంది. మస్కీకైతే కింది దవడ అడుగున కూడా ఇందుకోసం చిన్న చిన్న రంధ్రాలుంటాయి. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో చూపు లేకుండా చేసిన మస్కీలు కూడా ఎర చేపల్ని కొట్టగలిగాయి. కాకపోతే వెంబడించలేదు, దగ్గరికి వచ్చేదాకా కాచుకుని కొట్టాయి. అంటే కలక నీళ్ళలో మనం ఎంచుకోవాల్సింది అందాన్ని కాదు, అదురుని. అది కూడా చేప ముంగిటికే తీసుకెళ్ళాలి, అది అందుకునేంత నిదానంగా, ఒకే వేగంతో.

ఆ లెక్కన లోతు తక్కువ కలక నదికి మూడు రకాలు చాలని నా అభిప్రాయం.

మొదటిది స్పిన్నర్‌బెయిట్. వంకీ తిరిగిన తీగ, పైకొమ్మకి తిరిగే రేకు, కిందికొమ్మకి కుచ్చులో దాగిన ఒంటి కొక్కెం. దుంగకి ముందు తీగ తగులుతుంది కాబట్టి కొక్కెం చిక్కుకోదు. రేకు మాత్రం చూసి కొనాలి. వేపాకులా సన్నగా ఉండేది తళుక్కుమంటుంది, అది తేట నీళ్ళకి. గరిట గుంటలా గుండ్రంగా ఉండేదాన్ని కొలరాడో రేకు అంటారు. అది నీటిని దబదబా బాదుతుంది, నెమ్మదిగా లాగినా అడుక్కి దిగిపోదు. మనకి అదే కావాలి.

రెండోది బక్‌టెయిల్. నిటారు తీగ చుట్టూ పెద్ద రేకు తిరుగుతుంది, కొక్కెం చుట్టూ జింక తోక వెంట్రుకలు. దుంగలు లేని చోట, గడ్డి అంచుల వెంట దీన్ని లాగాలి. మూడోది తోక దగ్గర తిరిగే రెక్క ఉండి నీటి మీద తేలుతూ చప్పుడు చేసేది. వేసవి సాయంత్రాలకి బాగుంటుంది, అడుగున తట్టుకునే బెడదే లేదు. మా నాన్నగారి కప్పకి ఇది అమెరికా చుట్టం.

రంగులంటారా, నలుపొకటి, నారింజ ఒకటి. కింద నుంచి చూసే చేపకి ఆకాశం వెలుగులో నలుపు నీడలా స్పష్టంగా ఆనుతుంది. టీ రంగు నీళ్ళు నీలం వెలుతురుని మింగేస్తాయి, నారింజ మిగులుతుంది. మరీ మట్టి నీళ్ళయితే నిమ్మపండు పసుపు కలుపుకోండి. అంతే.

ఇదంతా చెప్తే మావారు ఊరుకుంటారా! "నీ బీరువాలో చీరలు లెక్కపెడదామా?" అన్నారు. పెట్టండి, నాకేం భయం లేదు. చీర కట్టుకుంటే చూసేవాళ్ళుంటారండీ, ఆ నీళ్ళలో మీ పొలుసుల్ని చూసేదెవరు? ఆయన మాటలో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. తేటగా ఉండే సరస్సుల్లో చేప దూరం నుంచే చూస్తుంది, అక్కడ అసలు చేపని పోలిన ఎర పని చేస్తుంది. అందుకే వాటిని పారెయ్యమనలేదు. సరస్సుకి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళమన్నాను. నదికి మాత్రం మూడే.

తర్వాతి నాలుగు ఆదివారాలూ అలాగే వెళ్ళారు. మూడు ఎరలే కాబట్టి మార్చేది తగ్గింది, మాటలు పెరిగాయి. నాలుగో ఆదివారం నేనూ ఉన్నాను. ఒకే దుంగ పక్కన మావాడు మూడోసారి నల్ల స్పిన్నర్‌బెయిట్ విసిరాడు. పడవ దాకా వచ్చాక కూడా పైకి తియ్యకుండా, కర్ర కొన నీళ్ళలో ముంచి ఎనిమిది అంకె వేసినట్టు తిప్పాడు. మస్కీ చివరిదాకా వెంట వచ్చి పడవ పక్కనే కొట్టడం మామూలేనట. రెండో చుట్టులో నీళ్ళు భళ్ళుమన్నాయి. నేను కెవ్వుమన్నాను.

ముప్పై ఆరు అంగుళాలు. ఈ రాష్ట్రంలో చాలా నీళ్ళలో నలభై లోపు చేపని ఉంచుకోకూడదు. నలభై దాటినా వదిలేసేవాళ్ళే ఎక్కువ. చేపల పులుసు తిని పెరిగినదాన్ని, మొదట నాకు ఇది వింతగానే అనిపించింది. కానీ అంత పెరగడానికి దానికి ఏళ్ళు పడుతుంది. వలని నీళ్ళలోనే ఉంచి, పొడుగు పటకారుతో ఒక్క మెలిక తిప్పితే ఒంటి కొక్కెం ఊడొచ్చింది. మూడు ముళ్ళ కొక్కేలు మూడు ఉండే అందాల ఎరయితే దాని మూతి ఏమయ్యేదో! స్పిన్నర్‌బెయిట్‌కే నా ఓటు వెయ్యడానికి ఇది ఇంకో కారణం. మావారు దాని తోక దగ్గర పట్టుకుని నీళ్ళలో నిలబెట్టారు. అది ఊపిరి పుంజుకుని, ఒక్క విదిలింపుతో డికాక్షన్‌లో కలిసిపోయింది. నీళ్ళు ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండల్లో మాత్రం దీని జోలికి పోకూడదు, వదిలినా బతకడం కష్టం.

తిరిగొస్తూ దారంతా ఇద్దరూ ఒకటే కబుర్లు. కాలేజీలో చేరబోయే చదువు మీద తనకున్న భయం కూడా వాడు ఆ రోజే బయటపెట్టాడు. నేను వెనక సీట్లో నిద్ర నటించాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి గోడ ఒకటి ఉంటే, ఖర్చు గురించి పోట్లాడే ముందు ఒక్కసారి ఆ పడవ ఎక్కి నీళ్ళలో చెయ్యి ముంచి చూడండి. ఆగస్టు పదిహేడున మావాడి ప్రయాణం. ఆ లోపల ఇంకా అయిదు ఆదివారాలున్నాయి. కొత్త లూరు కొనడానికి మాత్రం డబ్బులివ్వనని మావారికి చెప్పేశాను.