జబ్బు కోడిని దాచకండి, దాచేలా చేయకండి

కృష్ణా డెల్టాలో నాలుగు నాటు కోళ్లు లేని పెరడు అరుదు. గుడ్లు అమ్మిన డబ్బు పిల్లల పుస్తకాలకు, పుంజు అమ్మిన డబ్బు పండుగ బట్టలకు. అల్లుడు వస్తే కూరకు వెతుక్కోనక్కర లేదు. చాలా ఇళ్లలో ఈ కోళ్లు ఆడవారి సొంత ఆస్తి. అందుకే కోళ్లకు తెగులు తగిలితే ముందుగా భయపడేదీ, ముందుగా దాచేదీ ఆ ఇల్లాలే. ఈ దాచడం గురించే ఈ సంచికలో మేము కొన్ని మాటలు చెప్పదలిచాము.

పెట్ట ఒకటి రెక్కలు వాల్చి మూలన కూర్చుంటుంది. "చావక ముందే కోసేద్దాం" అంటారు ఇంట్లోవారు. మిగిలినవాటిని తక్కువ ధరకు సంతలో అమ్మేస్తారు. చచ్చినవాటిని సంచిలో కట్టి కాలువలో వేస్తారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఎన్ని ఊళ్ల మీదుగా పోతాయో మనకు తెలియనిది కాదు. ఒక పెరటి రోగం పది ఊళ్లకు చేరేది ఇలాగే.

"ఇది ఎప్పుడూ వచ్చే కొక్కెర తెగులేలే" అని చాలామంది సరిపెట్టుకుంటారు. కొక్కెర తెగులునే డాక్టర్లు రాణిఖేత్ వ్యాధి అంటారు. ఆకుపచ్చని పల్చటి రెట్ట, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం దీని లక్షణాలు. కోళ్లను మందలుగా చంపుతుంది గాని, మనుషులకు కళ్ల కలకకు మించి సాధారణంగా హాని చేయదు. బర్డ్ ఫ్లూ అలా కాదు. మన దేశపు కోళ్లలో అది 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదటిసారి బయటపడింది. 2025 ఫిబ్రవరిలో మన ముంగిటికే వచ్చింది. తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలోను, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులోను, మన ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోను కోళ్లు చనిపోయాయి. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన 2 ఏళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ వ్యాధితో కన్నుమూసింది. ఆ పాప పచ్చి కోడి మాంసం ముక్క నోట పెట్టుకున్నట్లు పత్రికలు రాశాయి. ఆ తల్లిదండ్రులను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. మాంసం కోసేచోట చిన్న పిల్లలు ఉండని ఇల్లు మనలో ఎవరిది?

బర్డ్ ఫ్లూ మనుషులకు సోకడం అరుదు. సోకితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. పైకి చూసి ఇది కొక్కెర తెగులా, బర్డ్ ఫ్లూనా అని తేల్చడం పశువుల డాక్టరుకు కూడా కష్టమే. లేబొరేటరీ పరీక్ష జరగాలి. ఎవరైనా కబురు చేస్తేనే ఆ పరీక్ష జరుగుతుంది.

మరి ఎందుకు చెప్పరు? చెబితే అధికారులు వచ్చి బాగున్న కోళ్లను కూడా చంపేస్తారని భయం. ఇరుగుపొరుగు తిడతారని సిగ్గు. ఈ రెంటినీ తీసివేయకుండా "చెప్పండి, చెప్పండి" అంటే ప్రయోజనం లేదు. వ్యాధి అదుపు కోసం ప్రభుత్వం చంపించిన కోళ్లకు నష్టపరిహారం ఉంది. ముందే చచ్చినవాటికి లేదు. కాబట్టి త్వరగా చెప్పినవారికే నష్టం తక్కువ. ఈ సంగతి పెరటి కోళ్లవారికి చేరడం లేదు. ఫారాలవారితో పాటు ఎనిమిది కోళ్లున్న ఇల్లాలికి కూడా ఆలస్యం లేకుండా డబ్బు అందాలి. అదే రోజున కబురు చేసినవారికి చచ్చిన కోళ్లకు కూడా కొంత ఇవ్వాలి. అలా ఇచ్చేది, తరువాత చేయవలసిన వైద్యం ఖర్చుకన్నా తక్కువే అని మా అభిప్రాయం.

సంఘం చేయగలిగిన పని కూడా ఉంది. కొక్కెర తెగులుకు టీకా ఉంది. మొదటి వారంలో పిల్లలకు చుక్కల మందు, ఎనిమిది వారాల వయసులో సూది మందు వేస్తారు. కాని సీసాలో వందకు తక్కువ కాకుండా డోసులుంటాయి. ఐసులో ఉంచాలి, కలిపిన తర్వాత రెండు గంటల లోపల వాడేయాలి. ఒక ఇంటి పది కోళ్ల కోసం సీసా విప్పడం దండుగ. వీధి అంతా కలిస్తే ఒక్క సీసా చాలు. స్త్రీల సమాజం సహోదరీలు ఆదివారం పేర్లు రాసుకొని, పశువుల ఆసుపత్రివారితో మాట్లాడి, కోళ్లు గూట్లో ఉండగానే తెల్లవారుజామున టీకా వేయించవచ్చు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి:

1. జబ్బు కోడిని విడిగా గంప కింద ఉంచండి. మిగిలినవాటిని బయటకు వదలవద్దు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి మేత వేసి, తర్వాతే జబ్బు కోడి దగ్గరికి వెళ్లండి.

2. దానిని కోయవద్దు, అమ్మవద్దు, కాలువలో వేయవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. ముట్టుకోక తప్పకపోతే ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. తర్వాత సబ్బుతో బాగా కడుక్కోండి.

3. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. వారు చెప్పినట్లు లోతుగా గుంత తీసి, సున్నం వేసి పూడ్చండి.

4. సంతలో కొన్న కోడినైనా, సంక్రాంతి పందేల నుంచి తిరిగి వచ్చిన పుంజునైనా మూడు వారాలు వేరుగా ఉంచండి.

5. ఆ తర్వాత పది రోజుల లోపల ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆసుపత్రికి రండి. కోళ్లు చనిపోయిన సంగతి ముందుగా చెప్పండి. దీనికి మందు ఉంది. మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

బాగా ఉడికించిన ఆరోగ్యమైన కోడి మాంసం, గుడ్లు తినడానికి భయపడనక్కర లేదు.

మా నర్సులకు కూడా ఒక మాట. జ్వరం, ఆయాసంతో వచ్చినవారిని ఎన్నో ప్రశ్నలు అడుగుతాము. "మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని కోళ్లు చచ్చాయా అమ్మా?" అనే ప్రశ్నను కూడా వాటిలో చేర్చుకోవాలి. గద్దించినట్లు కాదు, అక్కచెల్లెలిని అడిగినట్లు అడగాలి.

అంటురోగం కలవానిని పాళెము వెలుపల ఉంచవలెనని లేవీయకాండములో చదువుతాము. అది ఊరి క్షేమం కోసం. కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టిన ప్రభువును సువార్తలలో చూస్తాము. ఈ రెండూ మనకు కావాలి. వేరుగా ఉంచవలసింది జబ్బు కోడిని. ఆ ఇంటివారిని మాత్రం దగ్గరకు తీసుకొని, గుంత తీయడానికి తోడు నిలబడాలి. దేవుడు మీ ఇళ్లను, మీ పెరళ్లను కాపాడును గాక.