సైన్సు పీరియడులో కంప్యూటరు చేసే పనేమిటి?

దేశంలోని పాఠశాలల వివరాలను కేంద్ర విద్యాశాఖ ఏటా యూడైస్ ప్లస్ పేరుతో ప్రకటిస్తుంది. 2024-25 నివేదిక ప్రకారం 64.7 శాతం పాఠశాలల్లో కంప్యూటరు సదుపాయం ఉంది. ఇంటర్నెట్ 63.5 శాతం పాఠశాలలకు అందింది. అంతకుముందు ఏడాది ఇవి 57.2, 53.9 శాతాలు. ఒక్క ఏడాదిలో ఇంత పెరగడం సంతోషించదగిన విషయమే. అయితే ఈ అంకెలు ఒక సంగతి చెప్పవు. ఆ కంప్యూటరు సైన్సు పీరియడులో ఏ పనికి వచ్చింది?

మన ఇళ్ళలో పిల్లవాణ్ణి హైస్కూలులో చేర్చేటప్పుడు అడిగే ప్రశ్నల్లో 'బడిలో కంప్యూటర్లున్నాయా?' అన్నది తప్పక ఉంటుంది. ఉన్నాయంటే తృప్తిపడి ఫీజు కడతాం. కంప్యూటరు గురించి నేర్పడం వేరు, కంప్యూటరు సాయంతో భౌతికశాస్త్రమో రసాయనశాస్త్రమో నేర్పడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి చూడడం తల్లిదండ్రుల పొరపాటు మాత్రమే కాదు. ప్రభుత్వాలు కూడా నలభై ఏళ్ళుగా ఇదే పొరపాటు చేస్తూ వచ్చాయి.

భారతదేశంలో బడులకు కంప్యూటర్లు పంపే తొలి పెద్ద ప్రయత్నం 1984లో 'క్లాస్' అనే పథకంతో మొదలైంది. బ్రిటన్‌లో ఆకార్న్ సంస్థ 1981లో తయారుచేసిన బీబీసీ మైక్రో అనే యంత్రాన్ని సుమారు 250 పాఠశాలలకు ఇచ్చారు. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేడు పెళ్ళి శుభలేఖ ఫొటో ఒకటి అందులో పట్టదు. కానీ ఆ యంత్రం వెనుక భాగంలో ఒక విశేషం ఉండేది. బయటి నుంచి వచ్చే విద్యుత్తు హెచ్చుతగ్గులను అంకెలుగా మార్చి లోపలికి తీసుకునే ద్వారం అది. అక్కడ ఉష్ణోగ్రతను పసిగట్టే చిన్న పరికరం తగిలిస్తే వేడినీళ్ళు చల్లారుతున్న తీరు తెరమీద గీతగా దిగేది. అంటే నలభై ఏళ్ళ కిందటి కంప్యూటరే ప్రయోగశాలలో పనిచేయడానికి సిద్ధపడి వచ్చింది. మన పథకం పేరులో ఉన్నది మాత్రం కంప్యూటరు అక్షరాస్యత. కాబట్టి యంత్రం పాఠానికి సాధనం కాలేదు, తానే పాఠమై కూర్చుంది.

ఆ తర్వాతి పథకాలూ చాలావరకు ఆ దారినే నడిచాయి. 2004లో కేంద్రం ఐసీటీ ఎట్ స్కూల్స్ పథకం తెచ్చింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలలకు ప్రైవేటు సంస్థల ద్వారా, అయిదేళ్ళ ఒప్పందం మీద కంప్యూటర్లు, బోధకులు వచ్చారు. ఒప్పందం ముగిశాక బోధకులు వెళ్ళిపోయారు, యంత్రాలు మిగిలాయి. బడిలో ఉండిపోయే సైన్సు ఉపాధ్యాయుడికి వాటితో సంబంధం ఏర్పడనేలేదు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో కంప్యూటరు గదికి రెండేళ్ళు తాళం పడి ఉంది. ఏదైనా చెడిపోతే స్టాకు రిజిస్టరు ముందు ఎవరు జవాబు చెప్పుకోవాలన్నదే అందరి భయం. చివరికి తలుపు తీసి చూస్తే యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి, మౌసుల తీగలను ఎలుకలు కొరికేశాయి. వాడితే చెడిపోతాయని దాచినవి వాడకుండానే చెడిపోయాయి.

సాఫ్టువేరుకూ ఆయుష్షు ఉంటుందని చాలామంది గమనించరు. ఒకప్పుడు సైన్సు పాఠాల బొమ్మలు ఎన్నో ఫ్లాష్ అనే పరిజ్ఞానం మీద తయారయ్యాయి. తయారుచేసిన అడోబి సంస్థ 2020 డిసెంబర్ 31తో దానికి మద్దతు ఆపేసింది. డబ్బుపోసి కొన్న పాఠాలు చాలాచోట్ల తెరుచుకోవడం మానేశాయి. కొనేముందు 'ఇది పదేళ్ళ తర్వాత పనిచేస్తుందా, మేము మార్చుకోవడానికి వీలుందా?' అని అడగవలసిన ప్రశ్నను అడిగినవారు తక్కువ.

ఇటీవలి కాలంలో సామగ్రి రూపం మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. 2023లో పెద్ద పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు తరగతి గోడలెక్కాయి. కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో 10,000 పాఠశాలలకు చేరాయి. ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్ళలో మరో 50,000 ల్యాబులు పెడతామని, ప్రభుత్వ సెకండరీ పాఠశాలలన్నింటికీ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని ప్రకటించారు. అంటే డబ్బు అసలే లేదని అనలేం. ఆ డబ్బుతో కొన్నది పిల్లలకు చూపిస్తున్నదా, వారిచేత కొలిపిస్తున్నదా అన్నదే తేల్చుకోవలసిన సంగతి.

చూపించడాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కంటికి కనిపించనిదాన్ని చూపించడంలో కంప్యూటరును మించింది లేదు. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 'ఫెట్' అనే ఉచిత నమూనా ప్రయోగాల పని ప్రారంభించారు. అందులో డబ్బాలో బంధించిన వాయువును వేడిచేస్తే అణువులు ఎలా పరుగెత్తుతాయో, గోడలను ఎలా ఢీకొంటాయో పిల్లలు తామే మీట జరిపి చూడవచ్చు. నల్లబల్ల మీద చుక్కలు గీసి ఈ సంగతి చెప్పడానికి ఉపాధ్యాయుడు పడే పాట్లు నాకు తెలుసు. మన దేశంలోనే సీడాక్, అమృత విశ్వవిద్యాపీఠం కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్‌లో 9 నుంచి 12వ తరగతి వరకు ప్రయోగాలున్నాయి. రేఖాగణితానికి జియోజీబ్రా ఉంది. వీటిలో దేనికీ బడి రూపాయి చెల్లించనక్కరలేదు.

కాని తెరమీది ప్రయోగానికి ఒక లోపం ఉంది. అది ఎన్నడూ విఫలం కాదు. తెరమీది బ్యాటరీ అయిపోదు, తెరమీది తీగ తుప్పు పట్టదు, తెరమీది గాజు గ్లాసు చేయిజారి పగలదు. ముప్పై మంది పిల్లలు చేస్తే ముప్పై మందికీ ఒకే జవాబు వస్తుంది. నిజమైన ప్రయోగంలో ముప్పై జవాబులు వస్తాయి, వాటిలో తేడా ఎందుకు వచ్చిందని ఆలోచించడంలోనే పిల్లవాడికి సైన్సు పట్టుబడుతుంది. నిమ్మకాయ, లిట్మస్ కాగితం దొరికే ఊళ్ళో ఆమ్లం ఎర్రబరచడాన్ని ప్యానెలు మీద చూపించడం నా దృష్టిలో సోమరితనమే.

ఇక కొలిచే సామగ్రి సంగతికి వద్దాం. దీని గురించి మన పాఠశాలల్లో తెలిసింది చాలా తక్కువ. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటరు శాస్త్రవేత్తలు 'ఎక్స్‌పైస్' అనే చిన్న పెట్టె రూపొందించారు. అరచేతిలో పట్టే ఈ పరికరాన్ని యూఎస్‌బీ తీగతో పాత కంప్యూటరుకు తగిలించినా చాలు. దాని సాఫ్టువేరు ఉచితం, నిర్మాణం వివరాలూ బహిరంగమే. దానికి ఒక తీగముక్క తగిలించి ఊరికే గాలిలో వేలాడదీసినా, గోడలోని కరెంటు తీగల ప్రభావంతో తెరమీద అల కనిపిస్తుంది. లెక్కపెడితే సెకనుకు యాభై. ఇంటికి వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ అని పుస్తకంలో చదివి బట్టీపట్టిన పిల్ల దాన్ని తన కళ్ళతో చూస్తుంది.

పదో తరగతిలో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ఉంది. తీగచుట్ట గుండా అయస్కాంతాన్ని జారవిడిస్తే విద్యుత్తు పుడుతుందని ఫారడే నియమం చెబుతుంది. మామూలు గాల్వనోమీటరులో ముల్లు ఒకసారి వణికి ఆగిపోతుంది, వెనుక బల్ల మీది పిల్లలకు అదీ కనిపించదు. ఈ పెట్టెకు తీగచుట్టను కలిపి అయస్కాంతాన్ని వదిలితే తెరమీద రెండు శిఖరాలు నిలిచిపోతాయి. ఒకటి పైకి, మరొకటి కిందికి. రెండోది మొదటిదానికంటే పెద్దదిగానూ సన్నగానూ ఉంటుంది. ఎందుకు? పడుతున్న అయస్కాంతం బయటికి వచ్చేసరికి వేగం పుంజుకున్నది కాబట్టి. అయస్కాంతాన్ని తలకిందులు చేసి వదిలితే శిఖరాలు తారుమారవుతాయి. ఈ ఒక్క ప్రయోగంలో తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ, పదో తరగతి విద్యుత్తు కలుసుకుంటాయి. దీనికయ్యే ఖర్చు గోడమీది పెద్ద ప్యానెలు ధరలో చిన్న భాగమే.

అదీ కొనలేని బడి ఉంటే ఉపాధ్యాయుడి జేబులోని ఫోను ఉంది. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో 'ఫైఫాక్స్' అనే ఉచిత సాఫ్టువేరు విడుదల చేసింది. ఫోనులో త్వరణాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని, వెలుతురును పసిగట్టే సెన్సర్లు ముందే ఉంటాయి. ఆ సెన్సర్లు ఏం చెబుతున్నాయో ఇది అంకెలుగా, గీతలుగా చూపుతుంది. శబ్దవేగం కొలవడానికి రెండు ఫోన్లు, ఒక కొలత టేపు, ఇద్దరు పిల్లలు చాలు. ఫోన్లను 10 మీటర్ల దూరంలో ఉంచాలి. మొదటి ఫోను దగ్గర ఒకరు చప్పట్లు కొడితే రెండు ఫోన్లలోనూ గడియారం మొదలవుతుంది, రెండో ఫోను దగ్గర మరొకరు చప్పట్లు కొడితే రెండూ ఆగుతాయి. కాని శబ్దం ఒకచోటి నుంచి మరోచోటికి చేరడానికి కాలం పడుతుంది కనుక రెండు ఫోన్ల అంకెలూ ఒకటి కావు. ఆ తేడా శబ్దం 20 మీటర్లు నడిచిన కాలం. గాలి 30 డిగ్రీల వేడిలో ఉంటే సుమారు 0.057 సెకను వస్తుంది. భాగిస్తే సెకనుకు దాదాపు 350 మీటర్లు. స్టాప్‌వాచ్ మీట నొక్కే మన వేలికే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి ఈ దూరంలో చేతి గడియారంతో ఈ ప్రయోగం అసాధ్యం. ఒక్కటే చిక్కు. తరగతిలో ఎవరూ కిక్కురుమనకూడదు. దగ్గు వచ్చినా గడియారం మొదలవుతుంది.

ఫోను అనగానే తల్లిదండ్రులకు సందేహం రావడం సహజం. పిల్లల చేతికి ఫోను ఇవ్వాలని నేను అనడం లేదు. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలైనప్పుడు మన మొహల్లాల్లో చూశాం. ఇంటికి ఒక్క ఫోను, అదీ పనికి వెళ్ళే తండ్రి జేబులోనో అన్న చేతిలోనో. ఆడపిల్ల వంతు వచ్చేసరికి ఛార్జింగ్ ఉండేది కాదు. అందుకే ఈ ప్రయోగాలు ఇంటిపని కాకూడదు. బడిలో, ఉపాధ్యాయుడి ఫోనుతో, అందరి ముందు జరగాలి.

ఇదంతా ఎక్కడైనా సాధ్యమైందా అంటే పొరుగున ఉన్న కేరళను చూడవచ్చు. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలై 2017లో కైట్ అనే సంస్థగా మారిన అక్కడి ప్రయత్నం రెండు నిర్ణయాలు గట్టిగా తీసుకుంది. లైసెన్సు రుసుము లేని స్వేచ్ఛా సాఫ్టువేరునే వాడాలన్నది ఒకటి. బయటి బోధకుల మీద ఆధారపడకుండా బడిలో ఇప్పటికే ఉన్న ఉపాధ్యాయులకే తర్ఫీదు ఇవ్వాలన్నది రెండోది. 2018లో 45,000 తరగతి గదులను హైటెక్ చేసినప్పుడు వాటిని నడపగల మాస్టారు ఆ గదిలోనే ఉన్నాడు. మన దగ్గర 2008లో వచ్చిన బోధకులు వెళ్ళిపోతే గది మూతపడింది.

భాష సంగతి వేరుగా చెప్పుకోవాలి. తెలుగు మాధ్యమంలో గానీ ఉర్దూ మాధ్యమంలో గానీ చదివే పిల్లలకు తెరమీది ఇంగ్లీషు మరో గోడ. ఫెట్ ప్రయోగాలు కొన్ని తెలుగులో దొరుకుతాయి. ఏ భాషలోకైనా అనువదించుకోవడానికి ఆ సంస్థే ఉపాధ్యాయులకు వీలు కల్పించింది. హైదరాబాదులో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైన్సును ఉర్దూలో బోధించింది. దారుత్తర్జుమాలో పండితులు కూర్చుని ఒక్కొక్క పారిభాషిక పదానికి సాటి పదం వెదికారు. ఆనాటి శ్రమతో పోలిస్తే ఒక నమూనా ప్రయోగంలోని నలభై, యాభై మాటలను ఉర్దూలోకి మార్చడం సెలవుల్లో ఒక వారం పని. ఉర్దూ తెలిసిన ఉస్తాదు, సైన్సు చెప్పే మాస్టారు పక్కపక్కన కూర్చోవాలి, అంతే.

ఇలా కూర్చున్నప్పుడు తెలిసిన ఒక ముచ్చట. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్టువేరు మన ఊరి ఆకాశాన్ని ఏ తేదీకైనా చూపుతుంది. ఇరవై తొమ్మిదో రోజు సూర్యాస్తమయం తర్వాత నెలవంక ఎంత ఎత్తులో ఉంటుందో పిల్లలు ముందే లెక్కచూసి, సాయంత్రం మిద్దె ఎక్కి సరిచూసుకోవచ్చు. (పండుగ నిర్ణయం పెద్దలది, అందులో మనం జోక్యం చేసుకోవద్దు.) అదే తెరమీద కృత్తికలను చూపితే అరబీ చదివిన పిల్లవాడు 'సురయ్యా' అంటాడు. వాటి వెనుకనే వచ్చే ఎర్రని చుక్క మనకు రోహిణి, అరబీలో అద్దబరాన్, అంటే వెంట వచ్చేది. ఇంగ్లీషువారి ఆల్డెబరాన్ ఆ మాటే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం జరిపారు. ఇలాంటి సమావేశాలు రెండు రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు కంప్యూటర్లెన్ని అని అడగకండి. మా అమ్మాయి ఈ నెలలో ఏం కొలిచిందో ఆ పేజీ చూపించమని సైన్సు మాస్టారును మర్యాదగా అడగండి. తరగతి పిల్లలందరి రికార్డుల్లో శబ్దవేగం ఒకే అంకె ఉంటే అది బల్ల మీది నుంచి ఎక్కించుకున్నదే. ఒకరికి 338, మరొకరికి 361 వచ్చి, పక్కన పెన్సిలుతో 'ఫ్యాను ఆపలేదు' అని రాసి ఉంటే మాస్టారుకు సలాము చెప్పి రండి.