నలుగురి ఆచారాలు: అంచున కట్టిన కుచ్చు

మరచిపోకూడని పని ఏదైనా ఉంటే మన పెద్దవాళ్లు కొంగున ముడి వేసుకునేవారు. యూదులకు అటువంటి ముడి మతవిధిగానే ఉన్నది. వస్త్రపు మూలలకు కుచ్చులు కట్టుకొమ్మనీ, వాటిని చూచి దేవుని ఆజ్ఞలు తలచుకొమ్మనీ, కన్నూ మనసూ లాగిన చోటికల్లా పోవద్దనీ సంఖ్యాకాండము 15వ అధ్యాయం చెబుతున్నది. ఈ కుచ్చులను హీబ్రూలో త్సీత్సిత్ అంటారు.

నాలుగు మూలలున్న వస్త్రానికే ఈ నియమం. ఇప్పటి చొక్కాకు అది వర్తించదు గదా అని ఊరుకోక, నిష్ఠగల పురుషులు ఇందుకోసమే చొక్కా క్రింద నాలుగు మూలల చిన్న వస్త్రం ధరిస్తారు. ప్రార్థనవేళ తల్లీత్ అనే పెద్ద ఉత్తరీయం కప్పుకుంటారు. ఒక్కొక్క మూలకు ఎనిమిది పోగులు, ఐదు ముడులు. హీబ్రూలో అక్షరాలకు అంకెల విలువ ఉన్నది. త్సీత్సిత్ అనే మాట విలువ 600. ఈ మూడూ కలిపితే 613. ధర్మశాస్త్రంలోని విధినిషేధాలు అన్నేనని వారి సంప్రదాయం.

కుచ్చులో ఒక పోగు నీలంగా ఉండాలి. ఆ రంగు సముద్రజీవి నుండి తీసేవారు, చాలా ఖరీదు. ఏడవ శతాబ్దం తరువాత ఆ విద్య మరుగున పడి, తెల్లపోగులే మిగిలాయి. మ్యూరెక్స్ నత్త రంగునీటికి ఎండ తగిలితే నీలం వస్తుందని 1980ల్లో ఓటో ఎల్స్‌నర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. అప్పటినుండి కొందరు మళ్లీ నీలిపోగు కడుతున్నారు. మన నీలిమందు రంగూ చూపుకు అంతే. అయినా చవకరకం పోగును అసలుదని చెప్పి కట్టుకునేవాణ్ణి దేవుడు విడిచిపెట్టడని తాల్ముదు హెచ్చరించింది.

తాల్ముదులోనే ఒక ఉపమానం ఉన్నది. రాజు ఒక సేవకుణ్ణి మట్టిముద్ర తెమ్మన్నాడు, మరొకణ్ణి బంగారుముద్ర తెమ్మన్నాడు. ఇద్దరూ తేలేదు. ఎవరిది పెద్ద నేరం? మట్టిముద్ర తేనివాడిదే. అలాగే నీలిపోగు కట్టనివాడికంటే, సులభంగా దొరికే తెల్లపోగు కట్టనివాడిదే ఎక్కువ తప్పు.

ఈ మాట మనకూ తగులుతుంది. కాశీయాత్ర చేయించలేకపోయామని తల్లిదండ్రుల విషయంలో బాధపడతాం. సాయంత్రం వారి దగ్గర పావుగంట కూర్చోము. బంగారం లేదని విచారిస్తూ మట్టి కూడా ఇవ్వము.

యూదులు మరణించినవానికి తల్లీత్ కప్పి, ఒక మూల కుచ్చు తీసివేయడం వాడుక. పోయినవానికి ఇక విధులు లేవు. ఉన్నన్నాళ్లే ఆ కుచ్చుతో పని.