తాళ్ళరేవు వడ్రంగి, రొయ్యల షెడ్డు కూలి: మన పట్టికల్లో లేని ఇద్దరు

తీరాంధ్ర వ్యవసాయంపై మన విద్యాసంస్థలు ప్రచురించే నివేదికల్లో చెరువుల విస్తీర్ణం, హెక్టారు దిగుబడి, మేత మార్పిడి నిష్పత్తి, ఎగుమతి విలువ వరుసగా కనిపిస్తాయి. భూమి ఉన్నవాడు, చెరువు ఉన్నవాడు, పడవ ఉన్నవాడు ఆ పట్టికల్లో ఉంటారు. ఆ పడవను కట్టిన వడ్రంగీ, ఆ రొయ్యను వలిచిన స్త్రీ ఉండరు. వారి శ్రమ 'నిర్వహణ వ్యయం' అనే ఒక్క అంకెలో కలిసిపోతుంది. సస్యశాస్త్రం బోధించేవాడికి వీరితో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. వీరి బతుకులను మారుస్తున్న నిర్ణయాలలో చాలా భాగం పొలంలోనూ, పొలం గట్టుమీదా జరుగుతున్నాయి. అందుకే ఈ వ్యాసం మత్స్యశాస్త్ర పత్రికకు కాక ఈ పత్రికకు రాస్తున్నాను.

మొదట షెడ్డు సంగతి. వరిలో నేరుగా వెదజల్లే పద్ధతి, డ్రమ్ సీడరు, నాటు యంత్రం, కలుపు మందులు, వీటిలో దేనిపై సిద్ధాంత వ్యాసం రాసినా తొలి పేజీలో 'కూలీల కొరత' అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఆ కూలీలు ఎక్కడికి వెళ్ళారని మాత్రం ఏ వ్యాసమూ అడగదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి పొలం చెరువుగా మారినప్పుడు నాట్లు, కలుపు, కోతలు, కుప్పనూర్పిళ్ళు అన్నీ ఒకేసారి పోయాయి. చెరువుకు కావలసింది ఒకరిద్దరు కాపలాదారులు, పట్టుబడి రోజున ఒక జట్టు. 2009లో వనామి రొయ్య మన దేశంలోకి వచ్చాక ఈ మార్పు వేగం పెరిగింది. అలా పని పోయిన స్త్రీలలో ఎందరో వాహనాలెక్కి శుద్ధి కర్మాగారాలకు వెళ్తున్నారు. నాట్లు వేసిన చేతులే ఇప్పుడు తలలు తీస్తున్నాయి. వీరికి తోడు ఒడిశా నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చి కర్మాగారాల ఆవరణల్లోనే ఉండే వలస కూలీలు ఉన్నారు. కనుక మనం కొరత అని రాసుకున్నది నిజానికి ఒక తరలింపు.

ఆ పని స్వభావం విద్యార్థులకు తెలియాలి. రొయ్య చెడిపోకుండా ఉండాలంటే చెరువు గట్టునుంచి గడ్డకట్టే యంత్రం దాకా అది మంచులోనే ఉండాలి. క్రిమిరహితం చేసేందుకు క్లోరిన్ కలిపిన నీటిలో కడుగుతారు. అంటే రొయ్యకు క్షేమమైన ప్రతి నియమమూ దానిని పట్టుకునే వేళ్ళకు కష్టమే. తల తీసే చోట రొయ్య ముల్లు గుచ్చుకుంటుంది. తడిలో నానిన చర్మం పగులుతుంది. స్టీలు బల్ల దగ్గర గంటల తరబడి నిలబడాలి. చేతి తొడుగులు ఇచ్చినా, వేళ్ళకు రొయ్య తెలియక పని మందగిస్తుందని వాటిని తీసి పక్కన పెట్టేవారిని చూశాను. కూలి కిలోల లెక్కన ఉన్నచోట ఇది అజ్ఞానం కాదు, గణితం.

ఈ కిలో లెక్కలో మనవంటి వారు పట్టించుకోవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. కిలోకు 40 తూగే రొయ్యయితే కిలో సరుకుకు 40 తలలు తీయాలి. 100 కౌంటు రొయ్యయితే 100 తీయాలి. చెరువులో తెల్లమచ్చ కనబడినా, ఈహెచ్‌పీ సోకి ఎదుగుదల ఆగినా, రైతు నష్టం తగ్గించుకోవడానికి చిన్న సైజులోనే పట్టేస్తాడు. రైతు నష్టాన్ని మనం లెక్కగడతాము, గట్టాలి కూడా. కానీ ఆ రోగం అక్కడితో ఆగదు. చిన్న రొయ్యగా మారి షెడ్డులోకి వచ్చి, అదే కిలోకు రెండింతల కంటే ఎక్కువ వేళ్ళ కదలికను అడుగుతుంది. కౌంటును బట్టి కూలి రేటులో తేడా ఉన్నచోట, ఆ తేడా శ్రమలోని తేడాకు సరితూగుతున్నదా లేదా అన్నది ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి గడియారం, తూకం పట్టుకుని ఒక్క సీజనులో తేల్చగల విషయం. రైతు మహిళల పనిభంగిమలపైనా, పనిముట్లపైనా మన గృహవిజ్ఞాన విభాగాలు దశాబ్దాలుగా పరిశోధిస్తున్నాయి. నాటు వేసేటప్పటి నడుము వంపుకు పనికివచ్చిన ఆ కొలతలు బల్ల ఎత్తుకూ, కాళ్ళకింద పీటకూ పనికిరాకుండా పోవు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఏ కౌంటుకు ధర ఎంత పడిపోయిందో పత్రికలు రోజూ రాశాయి. రైతు సంఘాలు మాట్లాడాయి, ఎగుమతిదారులు మాట్లాడారు. షెడ్లలో ఎన్ని పనిదినాలు తగ్గాయో తెలిపే పట్టిక మాత్రం నా కంటపడలేదు. అంతకు ముందు 2024లో ఈ కర్మాగారాల కూలీల స్థితిగతులపై విస్తృతమైన నివేదికలు వెలువడినది కూడా అమెరికాలోనే. మన జిల్లాల్లోని మనుషుల గురించి మనం అంత దూరం నుంచి తెలుసుకోవలసి రావడం పరిశోధనా సంస్థలుగా మనకు గౌరవప్రదం కాదు.

షెడ్డు సముద్రం తర్వాతి మజిలీ. పడవ సముద్రానికి ముందరిది. కాకినాడకు దక్షిణాన, యానాం వెళ్ళే దారిలో తాళ్ళరేవు, దాని పక్కనే కోరంగి ఉన్నాయి. కోరంగి ఒకనాడు నౌకానిర్మాణానికి పేరెన్నికగన్న రేవు. 1789లోనూ, మళ్ళీ 1839లోనూ వచ్చిన తుపాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టాయి. 1839 నాటి ఉత్పాతాన్ని వర్ణించినవారిలో 'సైక్లోన్' అన్న మాటను సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ ఒకడు. రేవు పోయినా వడ్రం పోలేదు. తాళ్ళరేవు కాలువ గట్లమీద కొయ్య పడవలు కట్టే పని తరతరాలుగా సాగుతూ వచ్చింది. తెలుగులో 'వాడ' అంటే ఓడ. వాడరేవు, వాడబలిజ వంటి పేర్లలో ఆ మాట ఇంకా బతికే ఉంది.

పడవ వడ్రంగి గీసిన పటం చూసి కట్టేవాడు కాదు. అడుగుదూలం పరచి, ముందు వెనకల కొమ్ములు నిలబెట్టి, కంటి అంచనాతో వంపు నిర్ణయించి, పలక తరువాత పలక చేర్చుకుంటూ పోతాడు. సందుల్లో దూది కూరి, గుగ్గిలం పూస్తాడు. చెక్కను తొలిచే పురుగు పట్టకుండా జీడిపిక్క పెంకుల నూనె పూయడం మన తీరంలో పాత పద్ధతి. పలకలకు టేకు వంటి కలప కావాలి. పక్కటెముకల్లా లోపల నిలిచే వంపు కర్రలకు మాత్రం సహజంగానే వంగిన కొయ్య కావాలి, నల్లతుమ్మ వంటిది. నిటారు దూలాన్ని వంపుగా కోస్తే కొయ్య నార మధ్యలో తెగుతుంది, అలల దెబ్బకు అక్కడే విరుగుతుంది. వంపుతోపాటు నారకూడా వంగిన కొమ్మే అతనికి కావాలి.

ఇక్కడే ఈ విషయం సస్యశాస్త్రంలోకి వస్తుంది. గత మూడు, నాలుగు దశాబ్దాలుగా మనం రైతుకు ఇచ్చిన చెట్లు ఏవి? సుబాబుల్, సరుగుడు, క్లోనల్ యూకలిప్టస్. అన్నీ నిటారుగా, దగ్గర దగ్గరగా, త్వరగా, కాగితపు గుజ్జు కోసం పెరిగేవే. వాటివల్ల రైతుకు ఆదాయం వచ్చిందన్నది కాదనలేని సత్యం. కానీ దగ్గరగా నాటిన చెట్టు కాంతి కోసం పైకి పోతుంది. విడిగా గట్టుమీద నిలిచిన చెట్టే తక్కువ ఎత్తులో కొమ్మలు వేసి వంపు తిరుగుతుంది. చేను గట్టుమీది, చెరువు శిఖంలోని తుమ్మచెట్టు తగ్గిపోయే కొద్దీ వడ్రంగి వంపు కర్రకోసం తిరిగే దూరం పెరుగుతుంది. మీ విశ్వవిద్యాలయం వంకర చెట్టు ఏదైనా పెంచుతుందా అని తాళ్ళరేవులో ఒక మేస్త్రీ నన్ను అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నల్లతుమ్మ కొంత చౌడును, ఉప్పును తట్టుకుంటుంది, నత్రజనిని స్థిరీకరిస్తుంది, మేకలకు కాయ, కంచెకు కంప ఇస్తుంది. పక్షులు వాలతాయనీ, ఆకు రాలుతుందనీ రొయ్యల రైతు తన గట్టుమీద చెట్టునే ఒప్పుకోడు, అది వేరే సంగతి. కాలువ గట్లు, చౌడు చెలకలు, ఊరుమ్మడి శిఖం భూములు ఉన్నాయి. నల్లతుమ్మ కలపకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ కాలపరిమితి మన ప్రాజెక్టుల మూడేళ్ళ గడువులో ఇమడదు కనుకనే ఎవరూ ముట్టుకోలేదు.

కొయ్యకు బదులు ఫైబరు పడవ వచ్చింది కదా అంటారు. వచ్చింది, 2004 సునామీ తర్వాత మరీ విస్తరించింది. తేలిక, పురుగు పట్టదు, ఒడ్డుకు లాగడం సులువు. తెప్పమీద వేటకు వెళ్ళిన తరాన్ని అడిగితే ఎవరూ వెనక్కి పొమ్మనరు, నేనూ అనను. కాకపోతే ఫైబరు అచ్చులో పోసేచోట రెసిను ఆవిరీ, గాజునార దుమ్మూ పీల్చేది కూడా మనుషులే. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలునని అక్కడ నమ్మకం. కొయ్య పడవలో పాడైన పలకను మార్చవచ్చు, చివరకు పొయ్యిలోకైనా వస్తుంది. ఆయువు తీరిన ఫైబరు పడవ ఇసుకలో పడి ఉంటుంది, అంతే.

ప్రభుత్వ పథకాలు లేవని కాదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో పడవ తయారీ ఒకటి. పరికరాలకు రూ. 15,000, తొలివిడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీతో రుణం అందులో ఉన్నాయి. మంచిదే. కానీ ఉలి, బాడిశ వడ్రంగి దగ్గర ముందే ఉన్నాయి. లేనివి కలప, గిరాకీ. అలాగే తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. ఆ కాలానికి మన రాష్ట్రం ఇచ్చే భృతి 2019లో రూ. 10,000 అయింది, 2025లో రూ. 20,000కు పెరిగింది. అది వేటకు వెళ్ళేవారికి. అదే 61 రోజుల్లో సముద్రపు సరుకుపై ఆధారపడి చేపలు ఎండబెట్టే, గంపనెత్తుకొని అమ్మే స్త్రీకి పనీ లేదు, తన పేరిట భృతీ లేదు. పడవలు ఒడ్డెక్కేది అప్పుడే కనుక వడ్రంగికి మాత్రం అది కోతకాలం; పని చేతినిండా ఉంటుంది, డబ్బు వేట మొదలయ్యాక వస్తుంది. ఒకే నిషేధం మూడు ఇళ్ళల్లో మూడు రకాలుగా ఉంటుందన్న మాట. ఋతుపట్టిక గీయడం నేర్పే మనకు ఇది కొత్త విషయం కాకూడదు.

ఇది కార్మిక శాఖ పని, మత్స్యశాఖ పని అని సహాధ్యాపకులు కొందరు అంటారు. ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల 1991లో మొదలైంది మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే. ఆ తర్వాత అది పశువైద్య విశ్వవిద్యాలయానికి మారింది, ఇప్పుడు మత్స్య విశ్వవిద్యాలయమే వేరుగా వచ్చింది. చేపకు ఈ విభజన మేలే చేసింది. కానీ వరిచేను వదిలి షెడ్డుకు వెళ్ళిన స్త్రీ ఏ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తుంది? గట్టుమీది తుమ్మ, దానికోసం చూసే వడ్రంగి ఎవరి పరిధి? తీర జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ ప్రశ్నకు 'మాది' అని జవాబివ్వడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు.

రావెప్ కార్యక్రమం కింద ఏటా మన విద్యార్థులు గ్రామాల్లో ఉంటారు. తీర మండలాలకు వెళ్ళే జట్లకు ఈ ఏడాది నుంచే ఒక పని అప్పగించవచ్చు. రైతుల ఋతుపట్టిక గీసే కాగితం మీదనే మరో రెండు వరుసలు గీయాలి: షెడ్డు కూలి పనిదినాలు, పడవ వడ్రంగి పనిదినాలు. ఒక్కొక్క నెలకు ఎన్ని రోజులు పని, ఎంత కూలి, ఎన్నాళ్ళకు చేతికి వచ్చింది, కౌంటు ఎంత, కలప ఏ ఊరినుంచి వచ్చింది అన్నవి నింపాలి. షెడ్డు లోపలికి అనుమతి దొరకకపోతే కూలీలను దింపే వాహనం ఆగేచోట, సాయంత్రం వారి ఇళ్ళ దగ్గర అడిగినా చాలు. తాళ్ళరేవు, కాకినాడ, భీమవరం పరిసరాల్లో ఒక్కో జట్టు చేసినా, ఏడాది తిరిగేసరికి వచ్చే ఖరీఫ్ సమావేశంలో మన ముందు ఉంచడానికి ఒక పట్టిక ఉంటుంది.