చదువు ఆగిన చోటే మార్కులు మిగులుతాయి

ఏటా వేసవిలో పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజున మన ఇళ్లలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "కిత్నే నంబర్ ఆయే?" మామూ ఫోనులో అడుగుతారు. ఖాలా ఇంటికి వచ్చి మరీ అడుగుతుంది. పక్కింటివారు గుమ్మంలో నిలబడి అడుగుతారు. మంచి మార్కులు వచ్చిన ఇంట్లో మిఠాయి పంచుతారు. తక్కువ వచ్చిన ఇంట్లో ఆ పూట పొయ్యి మీద గిన్నె ఎక్కినా ఎవరికీ ముద్ద దిగదు. తప్పిన పిల్లవాడు చీకటిపడే దాకా ఇంటి ముఖం చూడడు.

ఇంతకూ ఈ మార్కులు మనిషి వెంట ఎంత దూరం వస్తాయి? ఎక్కడ ఆగిపోతాయి? ఈ సంగతి తెలుసుకోకుండానే అనేక కుటుంబాలు ఫలితాలు వచ్చిన ఆ ఒక్క వారంలో పిల్లల భవిష్యత్తును తేల్చేస్తున్నాయి. కనుక దీన్ని కాస్త నింపాదిగా ఆలోచించడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఈ విషయంలో మన సమాజంలో రెండు రకాల వాదనలున్నాయి. మార్కులే సర్వస్వం, అవి లేకపోతే పిల్లవాడు ఎందుకూ పనికిరాడనేది ఒకటి. మార్కులతో ఏముంది, బతకనేర్చినవాడు ఎలాగైనా బతుకుతాడనేది మరొకటి. మొదటి మాట పిల్లల గుండెలో భయం నింపుతుంది. రెండో మాట వాళ్ల చేతిలోని పుస్తకాన్ని లాగేస్తుంది. రెండూ సరైనవి కావు.

మొదట మార్కులకు ఇవ్వవలసిన విలువ ఇద్దాం. పదో తరగతి మార్కులు నేరుగా తలుపులు తెరిచే చోట్లు ఉన్నాయి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశానికి పదో తరగతి ప్రతిభే ఆధారం. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు అక్కడ అదనపు వెయిటేజీ కూడా ఉంది. ఐటీఐల్లో సీటు పదో తరగతి మార్కులను బట్టి దొరుకుతుంది. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకు రాత పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను ఎంపిక చేసేటపుడు పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు కడతారు. పెద్ద కంపెనీల్లో కొన్ని ఇంజనీరింగ్ పిల్లలకు మొదటి ఉద్యోగం ఇచ్చేటపుడు పదో తరగతి నుంచీ అన్నిటా 60 శాతం ఉండాలని షరతు పెడతాయి. కనుక "ఎన్ని వచ్చినా ఒకటే" అని పిల్లలకు చెప్పడం వారిని మోసం చేయడమే అవుతుంది.

ఇక్కడ మన పిల్లలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి స్థానిక భాషను కనీసం పదో తరగతి దాకా చదివి ఉండాలి. అంటే ఇక్కడ తెలుగు. ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లల్లో కొందరు తెలుగును రెండో భాషే కదా, 20 మార్కులు వస్తే గట్టెక్కుతామని వదిలేస్తారు. ఆ 20 మార్కులు పరీక్షను దాటించవచ్చు గాని, ఊళ్లో ఉత్తరం మీద చిరునామా చదవడానికీ, మండల కార్యాలయంలో దరఖాస్తు రాయడానికీ చాలవు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి తెలుగు భారం కాదు, రెండో చేయి.

మరి ఈ మార్కుల విలువ తగ్గిపోయే చోట్లు ఏవి? పాలిటెక్నిక్‌కు పాలిసెట్ ర్యాంకు కావాలి. పదో తరగతి ఉత్తీర్ణులైతే చాలు, ఎన్ని మార్కులని అడగరు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో తెలంగాణలో ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, 2023 నుంచి దాన్ని తీసేశారు. పోలీసు కానిస్టేబులు పరీక్షకు ఇంటర్ ఉత్తీర్ణత అడుగుతారు. గ్రూప్-1కు, సివిల్ సర్వీసులకు డిగ్రీ ఉంటే చాలు, పదో తరగతిలో గణితానికి ఎన్ని వచ్చాయని అక్కడ ఎవరూ లెక్కించరు. 2022లో ఐఏఎస్ అధికారి అవనీశ్ శరణ్ మరో ఐఏఎస్ అధికారి పదో తరగతి మార్కుల పత్రాన్ని లోకానికి చూపించారు. అది అప్పటికి గుజరాత్‌లోని భరూచ్ జిల్లా కలెక్టర్‌గా ఉన్న తుషార్ సుమేరాది. ఇంగ్లీషులో 35, గణితంలో 36, సైన్సులో 38. ఆ మార్కులతోనే ఆయన కలెక్టర్ అయ్యారని పత్రికలు రాశాయి. ఆ మార్కులతో కాదు, ఆ మార్కుల దగ్గర ఆగకపోవడం వల్ల అయ్యారని మేము అంటాము.

ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అసలు విషయం అక్కడే ఉంది. పదో తరగతి మార్కులు ఎవరికి ఎక్కువ అవసరమవుతున్నాయి? ఆ తర్వాత పెద్ద చదువులకు వెళ్లలేని వారికి. డాక్ సేవక్, ఐటీఐ, రైల్వే అప్రెంటిస్ ఇవన్నీ పది దగ్గరో, ఆ తర్వాత రెండేళ్లకో చదువు ఆపేవారి దారులు. ఇంటర్ చదివినవాడికి పదో తరగతి మార్కులు సగం మరుగున పడతాయి. డిగ్రీ చదివినవాడికి ఇంటర్ మార్కులు మరుగున పడతాయి. ఉద్యోగంలో కుదురుకుని నాలుగేళ్లు పనిచేసినవాడికి డిగ్రీ మార్కులు కూడా ఎవరికీ గుర్తుండవు. ఒక మెట్టు ఎక్కితే కింది మెట్టు మార్కులు వెనక్కి పోతాయి. చదువు ఎక్కడ ఆగిపోతుందో అక్కడి మార్కులే జీవితాంతం మనిషి మెడలో వేలాడతాయి.

ఈ మాట అర్థమైతే మన ఇళ్లలో జరుగుతున్న పొరపాటు ఎంత పెద్దదో తెలుస్తుంది. పిల్లవాడికి తక్కువ మార్కులు వచ్చాయి, లేదా ఒక సబ్జెక్టు తప్పాడు. "వీడికి చదువు అబ్బదు" అని తండ్రి తీర్పు చెబుతాడు. మరుసటి వారమే వాడు మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగ్ దుకాణంలోనో, బట్టల షాపులోనో కనిపిస్తాడు. ఆడపిల్లయితే కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టి సంబంధాలు చూడడం మొదలుపెడతారు. ఏ మార్కులు చూసి పిల్లవాడు పనికిరాడని భయపడ్డామో, చదువు ఆపించి ఆ మార్కులనే వాడికి శాశ్వతం చేస్తున్నాము. గాయం మానక ముందే దాని మీద ముద్ర వేస్తున్నాము.

చేతిపని తక్కువదని మేము అనడం లేదు. ఇంజను విప్పి బిగించగల చేయి గౌరవించదగిన చేయి. కాని అదే పనిని ఐటీఐలో రెండేళ్లు నేర్చుకున్నవాడికి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది, రైల్వే అప్రెంటిస్‌కు దరఖాస్తు చేసుకునే అర్హత వస్తుంది. షెడ్డులో పదేళ్లు పనిచేసినవాడికి ఉస్తాద్ మెచ్చుకోలు తప్ప చేతిలో కాగితం ఉండదు. గల్ఫ్‌కు వెళ్లే మన యువకుల సంగతీ ఇంతే. పదో తరగతి ఉత్తీర్ణుడికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేని పాస్‌పోర్టు ఇస్తారు. పది తప్పి ఆగిపోయినవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. సౌదీకో, కువైట్‌కో పనికి వెళ్లాలంటే అతడు ప్రభుత్వ క్లియరెన్స్ తీసుకోవాలి. అక్కడ అడిగేది ఎన్ని మార్కులని కాదు, గట్టెక్కావా లేదా అని. తప్పిన ఒక్క పేపరు మళ్లీ రాయించకపోవడం వల్ల ఎంతమంది ఏళ్ల తరబడి ఆ ముద్రతో తిరుగుతున్నారో మన పేటల్లో అందరికీ తెలిసిందే.

ఇంకో సంగతి. మార్కుల పత్రం తప్పు చేయదనే నమ్మకం కూడా సరికాదు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి మార్కులు తీసి గ్రేడ్లు పెట్టారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ 2022 ఫలితాల్లో మార్కులకు మళ్లింది, తెలంగాణ 2025 ఫలితాల్లో మళ్లీ మార్కులు ఇచ్చింది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వల్ల రెండు రాష్ట్రాల్లోనూ పది పరీక్షలే రద్దయ్యాయి, అందరూ పై తరగతికి వెళ్లారు. ఆ పిల్లల్లో బాగా చదివేవారు చదువుతూనే ఉన్నారు. పరీక్ష లేకపోవడం వల్ల వాళ్ల తెలివి తగ్గలేదు, మిగిలినవారి తెలివి పెరగనూ లేదు. కొలిచే కర్రను పెద్దలే ఇన్నిసార్లు మార్చారంటే, ఆ కర్ర చూపిన కొలతను పిల్లవాడి నుదుటి రాతగా మనం ఎలా తీసుకోగలం?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు ఏం జరిగిందో మరువరాదు. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది, సరిచూస్తే అది 99 అని తేలింది. తప్పినవారి పేపర్లన్నీ తిరిగి సరిచూడగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. కాని అప్పటికే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లు తిరిగి రారు. మార్కులు సరిదిద్దుకోవచ్చు, పరీక్ష మళ్లీ రాయవచ్చు, పిల్లవాణ్ణి మాత్రం మళ్లీ తెచ్చుకోలేము. ఫలితాల రాత్రి ఇంట్లో పలికే మాటకు ఎంత బరువుంటుందో ప్రతి తల్లీ తండ్రీ గ్రహించాలి. "నీ వల్ల మా పరువు పోయింది" అనే మాట ఆ రాత్రి ఎవరి నోటా రాకూడదు. పిల్లవాడు అన్నం తినకుండా, ఎవరితో మాట్లాడకుండా మూలన కూర్చుంటే ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చోండి. ఉపాధ్యాయుణ్ణో, వాడు ఇష్టపడే పెద్దమనిషినో పిలిపించండి.

మరి ఆ వారంలో చేయవలసింది ఏమిటి? మార్కులు అన్యాయంగా తగ్గాయనిపిస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌లకు దరఖాస్తు చేయవచ్చు. గడువు కొద్దిరోజులే ఉంటుంది. తప్పిన సబ్జెక్టులకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు వెంటనే వస్తాయి. ఫీజు గడువు దాటకముందే పాఠశాలకు వెళ్లి కట్టాలి. చాలామంది పిల్లలు మళ్లీ తప్పి ఆగిపోవడం లేదు, సిగ్గుపడి బడి గడప తొక్కక, ఫీజు కట్టక ఆగిపోతున్నారు. ఇదే అసలు నష్టం. అన్నీ దాటిపోయినా ఓపెన్ స్కూలు ఉంది. పగలు పనిచేసుకునేవారు కూడా దాని ద్వారా పది, ఇంటర్ పూర్తి చేయవచ్చు.

మంచి మార్కులు వచ్చిన ఇళ్లవారికీ ఒక మాట. ఎక్కువ మార్కులు వచ్చాయి గనుక ఎంపీసీ, బైపీసీ తప్ప మరొకటి చదవకూడదనే నియమం లేదు. ఉర్దూ మాధ్యమంలో పది చదివిన పిల్లలు ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమంలో పడి, మొదటి ఆరు నెలలు పాఠం అర్థంకాక కుంగిపోవడం మేము ఏటా చూస్తున్నాము. పదిలో ముందున్న పిల్లలే అక్కడ వెనకబడతారు. అది తెలివి లోపం కాదు, భాష మారిన ఇబ్బంది. ఫలితాలకూ కళాశాల తెరవడానికీ మధ్య ఉన్న సెలవుల్లో ఇంగ్లీషు పదాల మీద కాస్త శ్రద్ధ పెట్టిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. అలాగే మంచి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లను "ఇక చాలు" అని ఇంట్లో కూర్చోబెట్టడం, తప్పిన అబ్బాయిని షెడ్డుకు పంపడం కంటే పెద్ద అన్యాయం. కష్టపడి తెరిచిన తలుపును మనమే మూస్తున్నాము.

చివరిగా, మార్కుల కంటే ఎక్కువ కాలం వెంట వచ్చేది ఆ మెమోలో మరొకటి ఉంది. అది పేరు, పుట్టిన తేదీ. యూపీఎస్సీ వంటి సంస్థలు పుట్టిన తేదీకి మెట్రిక్యులేషన్ పత్రాన్నే చూస్తాయి. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారికి పాస్‌పోర్టుకు కూడా అది చెల్లుతుంది. మన ఇళ్లలో ఒకే పిల్లవాడు బడి రికార్డులో మహమ్మద్, ఆధార్‌లో మొహమ్మద్, కులధ్రువపత్రంలో ఎండీ అవుతాడు. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట ఎస్‌కే. బీసీ-ఇ ధ్రువపత్రంలో ఒక పేరు, మెమోలో మరో పేరు ఉంటే సీటు వేళ తిరగవలసింది ఆ పిల్లవాడే. కనుక పదో తరగతిలో పాఠశాలవారు వివరాలు పంపేటప్పుడే తల్లిదండ్రులు స్వయంగా వెళ్లి ప్రతి అక్షరం సరిచూసుకోవాలి. "కిత్నే నంబర్ ఆయే?" అని అడిగే మనం "పేరు సరిగా ఉందా?" అని కూడా అడగాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లల చేత బాగా చదివించండి, మార్కులు బాగా తెచ్చుకొమ్మని చెప్పండి. తెచ్చుకుంటే సంతోషించండి. తేలేకపోతే ఆ ఏడాది వారి చేతిలో పుస్తకం నిలబెట్టండి. తక్కువ మార్కులతో ముందుకు నడిచిన పిల్లవాడు ఒకనాటికి వాటిని దాటిపోతాడు. ఆపేసిన పిల్లవాణ్ణి మాత్రం అవి ఎన్నటికీ వదలవు.